పళ్ల సెట్టు, పచ్చి క్యాబేజీ

నాగమణమ్మ జల్‌పల్లికి పోయింది నాలుగు రోజుల కోసమే. చిన్న కొడుకు ప్రేమ్‌రాజ్ అక్కడ చిన్న జాగాలో ఇల్లు కట్టుకున్నాడు, పాస్టరు గారిని పిలిచి కొత్తింటి ప్రార్థన పెట్టుకున్నాడు, కన్నతల్లి పోకపోతే ఎట్లా? పోయింది. నాలుగు రోజులు కాస్తా పదయ్యాయి, పది కాస్తా నెల దాటాయి. ఆమె పాత ట్రంకు పెట్టె మాత్రం యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో, పెద్ద కొడుకు డానియేలు ఇంట్లో, మంచం కిందే ఉండిపోయింది. పెద్ద కోడలు రాజమణి రోజూ ఇల్లు ఊడుస్తూ చీపురు చివరతో ఆ పెట్టెను ఒకసారి తట్టి చూసుకునేది. పెట్టె ఉందంటే మనిషి తిరిగొస్తుందని ఆమె ధీమా.

రోజూ సాయంత్రం ఫోను చేసేది. మందులు వేసుకున్నావా, మోకాలికి నూనె రాసుకున్నావా అని అడిగాక, ఏం తిన్నావని కూడా అడిగేది. ఆ ఒక్కటీ అడక్కుండా ఉంటే ఆమె ప్రాణం హాయిగా ఉండేది. మొదటి వారం నుంచీ ముసలమ్మది ఒకటే పాట. చిన్న కోడలు రూప ఏదో పచ్చి క్యాబేజీ కలుపుతుందట, చైనా వాళ్లూ జపాను వాళ్లూ తినే తీరట, పేరు స్లా అట, నమిలితే కరకరమంటుందట.

“మస్తుంటదే రాజమణీ,” అంది ఫోన్లో. “నోరంత సల్లగయితది.”

మస్తుంటదట. రాజమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్లుగా ఈ చేతులతో వండి పెడుతుంటే ఆ నోటి నుంచి ఆ మాట ఒక్కనాడు ఊడిపడలేదు. ఉప్పు తక్కువైంది, కారం ఎక్కువైంది, పప్పు ఉడకలేదు, అన్నం మెత్తబడింది. క్రిస్మసు నాటి బగారా అన్నానికి కూడా వంక పెట్టిన నోరది. అలాంటి నోరు ఇవాళ పొయ్యి మొహం చూడని ఆకును పట్టుకుని మస్తుందంటే, పొయ్యి దగ్గర మాడిన మనిషికి ఒళ్లు మండదా మరి?

అత్త పీడ వదిలిందని సంతోషించక ఈ ఏడుపేమిటని మీరు అనుకోవచ్చు. రాజమణి సంగతి వేరు. తల్లిని చిన్నప్పుడే పోగొట్టుకుని, పందొమ్మిదేళ్లకు ఈ ఇంటికి వచ్చింది. అన్నం వార్చడం నుంచి చంటిపిల్లకు నీళ్లు పోయడం దాకా అన్నీ నాగమణమ్మే నేర్పింది, నేర్పినంతసేపూ తిట్టింది. కూతురు నర్సింగు చదువుకని హాస్టలుకు వెళ్లాక, డానియేలు నీళ్ల బోర్డు డ్యూటీకి తెల్లారకముందే వాల్వులు తిప్పడానికి పోయాక, ఇంట్లో మిగిలేది వీళ్లిద్దరే. ఆ ముసలి గొంతు సణుగుడు లేక ఇల్లు బావురుమంటోంది. రెండుసార్లు రాజమణి కూరలో ఉప్పు సరిపోయిందా అని వెనక్కి తిరిగి అడిగి, అడిగినందుకు తనను తానే తిట్టుకుంది.

రూప మీద ఆమె కుళ్లు ఇవాళ్టిది కాదు. అది పళ్ల సెట్టుతో మొదలైంది. రూప సంతోష్‌నగర్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుంటుంది. నిరుడు అత్తను తీసుకుపోయి, నాలుగైదు సార్లు తిప్పి, పైనా కిందా నిండు వరుస పళ్లు పెట్టించింది. ఆ ఆదివారం నాగమణమ్మ చర్చిలో నవ్వగానే, ఆడవాళ్ల సంఘం, అదే స్త్రీల మైత్రి వాళ్లంతా చుట్టూ మూగి ఎవరు పెట్టించారని అడిగారు. చిన్న కోడలు పెట్టించిందని ఆమె మురిసిపోతూ చెప్పింది. పక్కనే నిలబడ్డ రాజమణి కూడా నవ్వింది, నవ్వక చస్తుందా? ఇరవై రెండేళ్లు తిండి పెట్టింది తనైతే, ముసలమ్మ నోరు తెరిచినప్పుడల్లా కనిపించేది రూప అయింది.

ఒక్కటే ఊరట. ఇంటికొస్తే ఆ పళ్లు నిలిచేవి కావు. చర్చి నుంచి వచ్చి, చెప్పులైనా విడవకముందే నాగమణమ్మ నోట్లో వేళ్లు పెట్టి సెట్టు బయటికి లాగేది. వంటింటి కిటికీలో దానికోసమే ఒక స్టీలు గ్లాసు ఉండేది. టంగుమని అందులో పడేసి, హమ్మయ్య అనుకుని, బోసి నోటితో గడప పక్కన పీట వేసుకుని కూర్చునేది. చిగుళ్లతోనే పప్పన్నం తిని, చిగుళ్లతోనే తిట్టేది. ఈ సంగతి రూపకు తెలియదు. రాజమణి చెప్పనూ లేదు.

ఇంకొక అలవాటు కూడా ఉంది ముసలమ్మకు. ఎవరింట్లోనైనా ప్రార్థన కూటం పెట్టి భోజనం పెడితే, అక్కడ ప్రతి ముద్దకూ ‘మస్తుంది తల్లీ, మంచిగ చేసినవ్’ అని మెచ్చుకునేది. గల్లీ మలుపు తిరగ్గానే రాజమణి భుజం పట్టుకుని, అది కూరా కుడితా అని మొదలుపెట్టేది. ఇద్దరూ నవ్వుకుంటూ ఇల్లు చేరేవాళ్లు. ఇవన్నీ తెలిసిన మనిషే రాజమణి. అయినా ఫోన్లో ఆ ‘మస్తుంటదే’ వినబడ్డప్పుడు ఇందులో ఒక్కటీ గుర్తు రాలేదు. ఓర్వలేనితనం అలాంటిది, తెలిసిన సంగతిని కూడా తోచనివ్వదు.

మూడో వారంలో ఉండబట్టలేక జల్‌పల్లికి పోయి చూసింది. కొత్త ఇల్లు, కొత్త సున్నం, కింద ముసలమ్మకని ఒక గది. నాగమణమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, నోటి నిండా పళ్లతో. మధ్యాహ్నం రూప గాజు గిన్నెలో ఆ స్లా తెచ్చి పెట్టింది. తెల్ల క్యాబేజీ, ఊదా క్యాబేజీ, క్యారెట్టు, ఉల్లికాడలు, అన్నీ దారాల్లాగా సన్నగా. పైన పల్లీలు, నువ్వులు, కొత్తిమీర. పుల్లగా, కొంచెం తియ్యగా, అల్లం ఘాటుతో, నల్లటి సోయా సాస్ ఉప్పదనంతో ఉంది. నోట్లో పెట్టుకుంటే చల్లగా ఉంది, కొరికితే చప్పుడు చేసింది. బాగుంది. ఆ బాగుండడమే రాజమణికి గొంతులో అడ్డం పడింది. పైకి మాత్రం పచ్చివాసన పోలేదని మూతి తిప్పింది.

“గట్లెందుకంటవే,” అంది నాగమణమ్మ. “పిల్ల పొద్దట్నుంచి తరిగింది. నాకింక కొంచెం పెట్టు బిడ్డా.”

రూపను బిడ్డా అంది. రాజమణిని ఏమే, రాజమణీ అనడం తప్ప ఇంకోలా పిలిచిన పాపాన పోలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రాజమణి యాకుత్‌పురా దాకా లోపల్లోపల పళ్లు నూరుతూనే ఉంది.

ఆ తర్వాతి సోమవారం ప్రేమ్‌రాజ్ ఫోను చేశాడు. అమ్మకు ఇక్కడ బాగా అలవాటైందనీ, మెట్లు ఎక్కే పని లేదనీ, ఇక్కడే ఉండిపొమ్మంటే సరేనన్నదనీ చెప్పాడు. ఆదివారం చర్చి అయ్యాక అందరం మీ ఇంటికే భోజనానికి వస్తాం, పోతూ పోతూ అమ్మ పెట్టె పట్టుకుపోతాం వదినె అన్నాడు. రాజమణి గుండెల్లో రాయి పడింది. రండి రండి అంది. ఫోను పెట్టేసి, మంచం కిందికి వంగి పెట్టెను చూసింది.

పెట్టె పోయిందంటే మనిషి పోయినట్టే. ముసలమ్మను అటు లాక్కున్నది ఏది? కింది గదా? కొత్త సున్నమా? కాదు, ఆ కరకరలాడే గడ్డి. రాజమణి అలాగే నమ్మింది. ఇక చేయాల్సింది ఒకటే. ఆదివారం తన ఇంట్లో, తన చేతులతో, రూప దానికంటే మించి చేయాలి. అదే నోటితో తన ముందు మస్తుంది అనిపించుకోవాలి. అప్పుడు పెట్టె ఎట్లా కదులుతుందో చూద్దాం అనుకుంది. ఎలా చేస్తావని రూపను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగడమా? తల తెగిపడినా అడగదు.

సోమవారమే బజారుకు పోయి పత్తాగోబీ, అదే క్యాబేజీ, కొనుక్కొచ్చింది. గట్టిగా, బరువుగా, నొక్కితే కిర్రుమనేదాన్ని ఏరుకుంది. అంతవరకు తెలివిగానే చేసింది. తర్వాత కత్తిపీట ముందు కూర్చోగానే చేతులు వాటి అలవాటు కొద్దీ పోయాయి. కూరకు తరిగినట్టు లావుగా తరిగింది. పచ్చి వాసన పోవాలని వడల పిండిలో కలిపే ముందు చేసినట్టు ఉప్పు రాసి, గట్టిగా పిండింది. నిమ్మకాయ పిండి, పల్లీలు చల్లి డానియేలు ముందు పెట్టింది. అతను నాలుగు ముద్దలు తిని, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. పథ్యం కూర అనుకున్నాడు పాపం.

మంగళవారం చాకుకు పదును పెట్టించింది. క్యాబేజీని నాలుగు చెక్కలు చేసి, లోపలి గట్టి మొద్దు తీసేసి, ఒక్కో చెక్కనూ బోర్లించి సన్నగా, వెలుతురు కనబడేంత పల్చగా కోసింది. సిర్కా అనే వెనిగర్, సోయా సాస్, తేనె, అల్లం రసం, పచ్చిమిర్చి కలిపిన పులుసు మధ్యాహ్నమే పోసేసింది. పచ్చడిలాగా ఊరితే రుచి పడుతుందని ఆమె ఆలోచన. ఫ్రిజ్ లోంచి సాయంత్రం తీస్తే గిన్నె నిండా నీళ్లు, నీళ్లలో తడిగుడ్డ పేలికల్లా క్యాబేజీ. డానియేలు ఈసారి ఏమీ అడగలేదు, తల వంచుకుని తిన్నాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్చుకున్న మనిషి.

బుధవారం వంట చేయలేదు, కూర్చుని ఆలోచించింది. రూప వంటింట్లో ఆనాడు ఏం చూసింది తను? సింకు పక్కన ఖాళీ ఐసు ట్రేలు రెండు. గట్టు మీద పరిచిన పొడి తువాలు. స్టవ్ పక్కన పులుసున్న గ్లాసు, విడిగా. అన్నం వడ్డించాకే రూప ఆ గ్లాసు తెచ్చి గిన్నెలో వంపింది. అంతా కళ్ల ముందే జరిగింది, కానీ అప్పుడు రాజమణి కళ్లు అత్త నోటి మీదున్నాయి.

గురువారం ఐసు నీళ్లలో తరుగునంతా ఇరవై నిమిషాలు ముంచింది. మెత్తబడాల్సిన ఆకు బిగుసుకుని వంకీలు తిరిగింది. నీళ్లు వంచేసి, నాగమణమ్మ పాత నేత చీర ఒకటి మడత విప్పి, దాని మీద పరిచి, పొడి అయ్యేదాకా ఒత్తింది. నూనె దగ్గర మళ్లీ ఆగింది. రూప వాడిన చిన్న సీసాలోది నల్లగా, కాల్చిన నువ్వుల వాసనతో ఉంది. మన నువ్వుల నూనెకు ఆ వాసన లేదు. సీసా కోసం ఎక్కడ వెతకాలో తెలియక, గుప్పెడు నువ్వులను చిన్న మంట మీద ఎర్రగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి, గోరువెచ్చని నూనెలో వేసి మూత పెట్టింది. చల్లారాక మూత తీస్తే ఇల్లంతా గుమ్మంది. డానియేలు కూర్చున్నాకే పులుసు పోసి, రెండు చేతులతో ఎగరేసి కలిపి, వేయించిన పల్లీలు చల్లింది. అతను నమిలిన చప్పుడు టీవీ చప్పుడును దాటి వంటింట్లోకి వినిపించింది.

చాలా బాగుందన్నాడు డానియేలు. రాజమణి ఆ మాటను లెక్కలోకే తీసుకోలేదు. అతను అన్నింటినీ బాగుందనే అంటాడు.

ఆదివారం చర్చి పన్నెండున్నరకు వదిలారు. రాజమణి చివరి పాట కాకముందే బయటపడి, ఆటో పట్టుకుని ఇంటికొచ్చి, ఐసు నీళ్లలోంచి తరుగు తీసి ఆరబెట్టింది. బగారా అన్నం, కోడికూర పొద్దున్నే సిద్ధం చేసి పెట్టింది. నాగమణమ్మ గడపలో అడుగు పెడుతుంటే రాజమణి కళ్లు ఆమె కాళ్ల మీదికి పోలేదు, నోటి మీదికి పోయాయి. ముసలమ్మ చిక్కింది. బుగ్గ ఒకవైపు కొంచెం ఉబ్బినట్టుంది. చెప్పులు విడిచింది, గోడ పట్టుకుని లోపలికొచ్చింది, పీట వైపు చూసి కూడా రూప జరిపిన కుర్చీలో కూర్చుంది. వంటింట్లోకి రాలేదు. అప్పుడు రాజమణికి అందులో ఏమీ తోచలేదు, గిన్నె ధ్యాసలో ఉంది.

అందరికీ వడ్డించాక, అందరూ చూస్తుండగా, గాజు గిన్నెలో పులుసు పోసి కలిపింది. రూప ముఖం చూడాలి అప్పుడు. కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. ఒక ముద్ద తిని, ఐసులో పెట్టినవా అక్కా, నువ్వుల వాసన నా దాంట్ల కన్నా మంచిగొచ్చింది అంది. మనసులో మాటే అంది పాపం. రాజమణి ఆ మెప్పును పక్కకు నెట్టేసి అత్త వైపే చూస్తూ నిలబడింది.

నాగమణమ్మ ఒక చిటికెడు నోట్లో పెట్టుకుంది. కరకరమని నమిలింది, ఆగింది, మళ్లీ నమిలింది, నీళ్లు తాగింది.

“మస్తుంది బిడ్డా,” అంది. “మంచిగ చేసినవ్.”

ఇరవై రెండేళ్లకు వచ్చింది ఆ మాట. రాజమణి గుండె ఒక్కసారి ఉప్పొంగింది, గెలిచానే అనుకుంది, ఇంకొంచెం వేయనా అని అడిగింది. ముసలమ్మ కొంచెం వెయ్యి తల్లీ అంది. బిడ్డా, తల్లీ. రాజమణి గరిటె గాల్లోనే ఆగిపోయింది. ఈ గొంతు తను ఎక్కడ వింది? ప్రార్థన కూటాల్లో వింది. ఎవరెవరి ఇళ్లలోనో, వాళ్ల ప్లాస్టిక్ కుర్చీల్లో, ఒళ్లో ప్లేటు పెట్టుకుని ముసలమ్మ మాట్లాడే గొంతు ఇది. గల్లీ మలుపు దాకా ఉండే గొంతు.

ఆమె వంటింటి కిటికీ వైపు చూసింది. స్టీలు గ్లాసు బోర్లించి అలాగే ఉంది. నెల రోజులుగా అలాగే ఉంది. ఈ ఇంటికొచ్చి గంటయినా ముసలమ్మ పళ్లు తీయలేదు. పీట మీద కూర్చోలేదు. అన్నానికి వంక పెట్టలేదు. కోడికూరలో కారం ఎక్కువైందని రాజమణికే తెలుస్తోంది, అయినా ముసలమ్మ కిక్కురుమనలేదు. తను ఇన్నాళ్లూ ఏ మాట కోసం ఏడ్చిందో ఆ మాట దొరికింది, దొరికి తనను ఆ ప్రార్థన కూటాల వాళ్లలో కలిపేసింది.

భోజనాలు అయ్యాయి. ప్రేమ్‌రాజ్ చేతులు తుడుచుకుని, మంచం కిందికి వంగి పెట్టెను బయటికి లాగాడు. బండల మీద అది గీసుకుంటూ వచ్చిన చప్పుడు రాజమణి చెవిన పడింది. ఇంకేం ఆలోచించలేదు. వంటింట్లోకి పోయి గ్లాసు నిండా నీళ్లు పట్టుకొచ్చి, అత్త కుర్చీ ముందు కింద కూర్చుని, గ్లాసు ఆమె నోటి ముందు పెట్టింది.

“తియ్యి అత్తమ్మా,” అంది.

డానియేలు ఇదేం పని అన్నట్టు చూశాడు. నాగమణమ్మ రూప వైపు చూసింది, నేల వైపు చూసింది. రాజమణి గ్లాసు కదపలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమెకు లోపల కొంచెం తీపి కూడా అనిపించింది. రూప పెట్టించిన పళ్లు రూప ముందే ఊడబోతున్నాయి కదా, ఆ తీపి.

ముసలమ్మ నోట్లో వేళ్లు పెట్టింది. కింది వరుస వచ్చింది, పై వరుస వచ్చింది. రెండూ గ్లాసులో టంగుమన్నాయి. వాటి వెనకే బుగ్గలోంచి నమలని క్యాబేజీ ఉండ ఒకటి తీసి, రాజమణి చాచిన అరచేతిలో పెట్టింది. కింది చిగురు మీద ఎర్రటి పుండు, చిక్కుడు గింజంత. పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, రూపకు అదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. లేచి వచ్చి అత్త గదుమ పట్టుకుని చూసింది, కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. రాత్రిళ్లు తీసి పెట్టుకోమని డాక్టరు చెప్పాడు కదా, ఒరుసుకుంటే రమ్మన్నాడు కదా, నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదని అడిగింది.

“ఎట్ల చెప్పాలె బిడ్డా,” అంది నాగమణమ్మ. బోసి నోట్లోంచి ఆమె మాట మళ్లీ ఆమె మాటలా వచ్చింది. “పండ్లు పెట్టిచ్చింది నువ్వు. ఇష్టంతోని కమ్మగ చేసి పెట్టింది నువ్వు. ఉమ్మేస్తే నీ మనసు ఎంత కష్టమయితది. గందుకే ఓర్సుకున్న.”

నెల రోజులు ఓర్చుకుందట. అరుగుతుందో లేదో తెలియని ఆకును ముద్ద ముద్దకూ మెచ్చుకుంటూ మింగిందట, మింగలేనిది కొంగులో మూటగట్టి కుళాయి దగ్గర పారేసిందట. రాజమణి ఇదంతా వింటూ కూర్చుంది. ఒక ప్రశ్న అడగాలని ఉంది, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అయినా అడిగేసింది.

“ఈడ గూడ ఎందుకు ఓర్సుకున్నవ్ మరి?”

ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

“ఇంటికొచ్చిన, ఇంత పప్పు పోసి పిసికి పెడ్తవ్ అనుకున్న. నువ్వు గూడ అదే గోబీ తెచ్చి ముందట పెడ్తివి. నువ్వు గూడ నన్ను చుట్టాన్ని చేస్తివనుకున్న.”

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. నాలుగు రోజులు చాకు పట్టుకుని వేళ్లు కోసుకుంటూ, ఐసులో చేతులు తిమ్మిరెక్కించుకుంటూ తను చేసిన పని అదన్నమాట. రూపను ఓడించాలన్న యావలో, పళ్లు లేని ముసలిదానికి ఏం కావాలో మరిచిపోయింది. రాజమణి లేచి వంటింట్లోకి పోయింది. డానియేలు కోసం పొద్దున చేసిన ముద్దపప్పు కొంచెం మిగిలింది. అన్నంలో వేసి, నెయ్యి వేసి, మెత్తగా పాయసంలా అయ్యేదాకా పిసికింది. పిసుకుతుంటే కంటి నీళ్లు పళ్లెంలో పడబోయాయి, భుజంతో తుడుచుకుంది.

బయటికి వచ్చేసరికి నాగమణమ్మ కుర్చీలోంచి దిగి, గడప పక్కన పీట మీద కాళ్లు చాపుకుని ఉంది. మొదటి ముద్ద చిగుళ్ల మధ్య ఇటూ అటూ తిప్పింది.

“ఉప్పేదే ఇండ్ల?” అంది ముసలమ్మ. “ఇరవయ్యేండ్లాయె. ఇంక నీకు ఉప్పు అందాజ రాకపాయె. కోడికూరల గింత కారమేంది, మనుషులకా, పశువులకా? నెల రోజులు లేకపోయేసరికి ఇల్లంత ఆగమాగం చేసి పెట్టినవ్.”

రాజమణి నవ్వింది. ముఖమంతా నవ్వింది, కళ్ల నీళ్లతో నవ్వింది. తిట్లు ఇంకా సాగుతూనే ఉన్నాయి. కిటికీ మీద దుమ్ము, పీట కాలు ఊగడం, ఆరబెట్టిన తన నేత చీర మీద క్యాబేజీ మరకలు, ఒక్కటీ వదలలేదు. మధ్యలో ప్రేమ్‌రాజ్ వైపు తిరిగింది.

“పెట్టె కింద పెట్టురా. వస్త పోత ఉంట గని, ఇది నా ఇల్లాయె. ఈడయితే ఏం ఓర్సుకునే పని లేదు.”

ప్రేమ్‌రాజ్ అన్న వైపు చూశాడు. అన్న నోరు మూసుకోమని సైగ చేశాడు. పెట్టె బండల మీద గీసుకుంటూ మళ్లీ మంచం కిందికి పోయింది.

రూప మాత్రం నిలబడ్డ చోటే నిలబడి ఉంది. పళ్ల గ్లాసు ఆమె చేతిలోనే ఉంది, మంగళవారం డాక్టరుతో చెప్పి ఆ అంచు అరగదీయిస్తానని రెండుసార్లు అంది. చూపు మాత్రం పీట మీద నుంచి కదలడం లేదు. ముసలమ్మ ఒక్కో తిట్టు తిడుతుంటే, రాజమణి ఒక్కో ముద్ద కలిపి పెడుతుంటే, రూప మూతి బిగుసుకుంటోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఆ ముఖం రాజమణికి కొత్త కాదు. జల్‌పల్లి నుంచి వచ్చిన ఆనాటి బస్సు కిటికీ అద్దంలో తను చూసుకున్న ముఖమే అది.

“అక్కా,” అంది రూప, చాలా మెల్లగా. “నన్ను అత్తమ్మ ఒక్కపారి గూడ తిట్టలె.”

తిడుతుంది లే, నీకూ ఆ రోజు వస్తుంది, పెళ్లయి ఎన్నేళ్లయిందని నీకు. ఈ మాటలు రాజమణి నాలుక చివరిదాకా వచ్చాయి. చెబితే ఆ పిల్ల మనసు కుదుటపడుతుందనీ తెలుసు. చెప్పలేదు. నెల రోజులు తను పడ్డ మంట ఒక్క పూటైనా దానికీ తెలియనీ అనుకుని, ఉప్పు డబ్బా తేవడానికి వంటింట్లోకి పోయింది.